మానవ మేనత్త

తమ్ముడు ఫోన్ చేసినప్పుడు కలోలైనే కొలోంగా ఊళ్ళో తన ఇంటి వెనక కూర్చుని చెట్టుబెరడు దంచుతోంది. తమ్ముడి గొంతులో ఏడుపుంది.

"అక్కా, ఫోనువా ఊడిపోయింది," అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు.

ఫోనువా అంటే నేల. నేల ఎలా ఊడుతుందని ఇంకొకరైతే ఆలోచించేవారు. కలోలైనేకి ఆలోచన తర్వాత, లేవడం ముందు. గంట తిరక్కుండా మా దీవి రాజధాని నుకుఅలోఫాలో భూముల ఆఫీసు గుమ్మంలో నిలబడింది. చంకలో పత్రాల రేకు డబ్బా, కుడిచేతిలో బెరడు దంచే చెక్క సుత్తి.

"ఎవడ్రా మా నేల లాక్కుంది? బయటికి రండి!"

లోపల ఉన్నది ఒక్క గుమాస్తా అమ్మాయి. పాపం, భోజనం డబ్బా అప్పుడే తెరిచింది. చేతులు తుడుచుకుని, పెద్ద పుస్తకం తిరగేసి, వేలు పెట్టి చూపించింది.

"మీ తమ్ముడు లోపేటి పేరునే ఉందమ్మా. ఎనిమిది ఎకరాల పావు. ఎవ్వరూ లాక్కోలేదు."

"మరి వాడెందుకు ఏడుస్తున్నాడు? ఫోనువా ఊడిందన్నాడే!"

ఆ పిల్ల పుస్తకం మూసి, కలోలైనే మొహంలోకి చూసి, మెల్లగా అడిగింది. "మీ మరదలికి ఎన్నో నెలమ్మా?"

సుత్తి కింద పడింది. ఆ గచ్చు మీద సొట్ట ఇప్పటికీ ఉందంటారు.

మా భాషలో ఫోనువా అంటే నేల ఒక్కటే కాదు. కడుపులో బిడ్డని అంటిపెట్టుకుని ఉండే మాయని కూడా అదే మాటతో పిలుస్తాం. లోపేటి విడమరిచి చెప్పి ఉంటే గొడవ లేకపోయేది. కానీ అక్కాతమ్ముళ్ళ మధ్య కాన్పు మాటా, కడుపు మాటా రాకూడదు. ఒకే గదిలో కూర్చోవడం కూడా మర్యాద కాదు. అక్కతో 'నా పెళ్ళానికి రక్తం పోతోంది' అనడం కన్నా లోపేటి తను నడిపే బస్సుని సముద్రంలోకి దింపడానికి ఒప్పుకునేవాడు. అందుకే ఆ ఒక్క ముక్క.

జరిగిందేమిటంటే, ఆ పొద్దున లోపేటి పెళ్ళాం వీకా బట్టలు ఆరేస్తుండగా పొట్ట ఉన్నట్టుండి చెక్కలా బిగుసుకుపోయింది. రక్తం ఆగలేదు. పక్కింటివాళ్ళు వాన్‌లో పడుకోబెట్టి మా ఆసుపత్రికి తెచ్చారు. బిడ్డ పుట్టాక ఊడాల్సిన మాయ, బిడ్డ లోపల ఉండగానే సగం ఊడింది. గంటలో ఆపరేషన్ చేసి తీశారు. పదకొండు వారాలు ముందు పుట్టిన ఆడపిల్ల, వెయ్యి నూటనలభై గ్రాములు. మా సంతలో ఆ బరువు చేమదుంప పెడితే కొనేవాళ్ళు పక్కకి తోసి పెద్దది అడుగుతారు.

నేనప్పుడు ఆ పసిపిల్లల గదిలో నర్సుని. పిల్లని వెచ్చటి గాజుపెట్టెలో పెట్టి, ముక్కులకి సన్నటి గొట్టాలు తగిలించి సర్దుతున్నాను. గాలి గొట్టం రెండో కొస సీసాలో నీళ్ళలో మునిగి ఉంటుంది, అది గుడగుడమని బుడగలు వేస్తుంటే ఆ ఒత్తిడికి పిల్ల ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి. అప్పుడు తలుపు తెరుచుకుంది.

"ఏదీ నా మేనకోడలు?"

గదిలో నలుగురు పిల్లలున్నారు. నలుగురూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు, నాలుగు యంత్రాలూ ఒకేసారి కూశాయి.

"అమ్మా, మెల్లగా!" అన్నాను.

"మెల్లగానే కదమ్మా మాట్లాడుతున్నాను!" అని అరిచింది.

అబద్ధం కాదు. ముప్ఫై ఏళ్ళుగా పదిమంది ఆడవాళ్ళని వెంటేసుకుని పొద్దస్తమానం బెరడు దంచి బట్ట చేసింది ఆవిడ. ఆ మోతకి చెవులు సగం పోయాయి. చర్చి పాటల్లో ఆవిడ గొంతు ఎత్తితే పక్క ఊరి చర్చిలో పాట తడబడేదట. పెళ్ళి చేసుకోలేదు. అడగడానికి ఇద్దరొచ్చారట, మొదటివాడికి ఆవిడ ఇచ్చిన జవాబు రెండోవాడికి దారిలోనే వినబడి వెనక్కి తిరిగాడని చెప్పుకునేవారు.

గాజుపెట్టె మీదకి వంగి చాలాసేపు చూసింది. "ఇదేమిటి సిస్టరూ, పూర్తిగా తయారవకుండానే ఇచ్చేశారా?"

"అంతేనమ్మా. మిగతాది మనం ఇక్కడ చెయ్యాలి."

"ఆ గుడగుడ ఏమిటి? టీ పెడుతున్నారా?"

వివరాలు చెప్పడానికి డాక్టర్ సోలోమోనే లోపేటినీ, కలోలైనేనీ పిలిచాడు. వీకా రక్తం బాగా పోయి ఇంకో వార్డులో పడి ఉంది, లేచి కూర్చోలేకపోతోంది. డాక్టరు సన్నగా, పద్ధతిగా ఉండే మనిషి. గొంతు సవరించుకుని, "తల్లి గర్భంలో..." అన్నాడో లేదో లోపేటి తలుపు తీసుకుని పరుగు. అతన్ని లోపలికి పిలిస్తే ఈవిడ లేచి వెళ్ళిపోయింది. ఈవిడని పిలిస్తే అతను లేచాడు. నాలుగుసార్లు తిరిగారు. ఐదోసారి డాక్టరు ఇద్దరినీ చెరో గోడకి తిప్పి, వీపులు చూసుకునేలా కూర్చోబెట్టి, నేల భాషలోకి దిగాడు.

"ఫోనువా కొంచెం విరిగిపడింది. అందుకని పంట ముందే కోయాల్సి వచ్చింది."

"అవును, అవును," అన్నాయి రెండు వీపులూ.

"పంట పచ్చిది. గాలి సరిగ్గా ఆడటంలేదు. ఊపిరి... గాలి మధ్యమధ్యలో ఆగిపోతుంది. ఇంకోటి, గుండె దగ్గర... గట్టు దగ్గర ఒక కాలవుంది. ఇన్నాళ్ళూ తెరిచే ఉండాలి, ఇప్పుడు మూసుకోవాలి. మూసుకోలేదు. అందుకని నీళ్ళు తక్కువ పెడుతున్నాం."

"ఎంత?" అన్నాడు లోపేటి.

"గంటకి రెండు మిల్లీలు."

లోపేటి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఎనిమిది ఎకరాలకా?"

డాక్టరు కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు.

పిల్లకి మనిషి ఒంటి వెచ్చదనం కావాలి. బట్టలు లేకుండా రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి కప్పితే ఇలాంటి పిల్లలు బాగా కోలుకుంటారు. తల్లి లేవలేదు. తండ్రి మీద పెట్టి చూశాం. లోపేటి గుండె దడదడలాడి, పిల్లకన్నా ముందు అతనికే యంత్రం పెట్టాల్సి వచ్చేలా ఉంది. కలోలైనే తెర వెనక కూర్చుని గుండీలు విప్పేసింది.

"ఇలా తే."

అంత పెద్ద ఒంటి మీద ఆ పిల్లని పెడితే ఎక్కడుందో వెతుక్కోవాలి. వైర్లు పట్టుకుని చూసుకుంటేగానీ నాకు దొరికేది కాదు. కలోలైనే మాత్రం కదల్లేదు. రోజుకి ఆరేసి గంటలు కూర్చుంది. ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు, నన్ను పిలిచి గోకించుకుంది.

మొదటిసారి పిల్ల ఊపిరి ఆగినప్పుడు ఆవిడ మీదే ఉంది. నెలలు నిండని పిల్లలు ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు. దాంతోపాటు గుండె కొట్టుకోవడమూ మందగిస్తుంది. యంత్రంలో నూటనలభై ఉన్న అంకె డెబ్భైకి దిగి కూత మొదలైంది. నేను వెళ్ళి అరికాలు మీద వేలితో తట్టాను. సరిగ్గా అప్పుడే కలోలైనే గర్జించింది.

"ఊపిరి తీసుకోవే! మేనత్తని చెబుతున్నా!"

పిల్ల ఉలిక్కిపడి ఊపిరి లాక్కుంది.

కలోలైనే నా వైపు గర్వంగా చూసింది. మాలో తమ్ముడి పిల్లలకి మేనత్త మాటంటే మాటే, తండ్రి మాట కూడా దాని తర్వాతే. "చూశావా? ఇంత లేదు, అప్పుడే మర్యాద తెలిసింది."

"అరికాలు మీద తట్టానమ్మా నేను."

"నువ్వు తట్టావు సరే. మాట విన్నది నాది."

ఆ రోజు నుంచి ఊపిరి ఆగిన ప్రతిసారీ ఒక వైపు నేను తట్టడం, ఇంకో వైపు ఆవిడ గర్జించడం. పక్క పెట్టెల్లో పిల్లలు కూడా భయపడి చక్కగా ఊపిరి తీసుకునేవారు. నేను పుస్తకంలో అరికాలి సంగతే రాసేదాన్ని.

తర్వాత కాఫీ గొడవ. ఊపిరి మర్చిపోకుండా ఉండటానికి ఈ పిల్లలకి కెఫీన్ చుక్కలు వేస్తాం. వీకా తల్లి టెమలేటి చూడ్డానికి వచ్చి ఆ చుక్కలేమిటని అడిగింది. నేను అమాయకంగా, "కాఫీలో ఉండేదేనమ్మా," అన్నాను.

టెమలేటి మోర్మన్ చర్చి మనిషి. వాళ్ళు కాఫీ ముట్టరు, టీ ముట్టరు. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నా మనవరాలికి కాఫీనా! కళ్ళు కూడా సరిగా తెరవని దానికా!"

"వేస్తే వెయ్యనివ్వండి వదినగారూ," అంది కలోలైనే. "మా చర్చి పిల్లే కదా, మాకు పరవాలేదు."

"మీ చర్చి పిల్లని ఎవరన్నారు వదినగారూ?"

"ఎవరనాలి? మేనత్తని నేనంటున్నా!"

"అలాగైతే అమ్మమ్మని నేనేమన్నా అనుకోవచ్చా?"

గాజుపెట్టెకి అటు ఒకరు, ఇటు ఒకరు. మధ్యలో వెయ్యి నూటఅరవై గ్రాముల పిల్ల ఆవలించింది. మర్నాడు టెమలేటి వాళ్ళ బిషప్పుని వెంటబెట్టుకొచ్చింది. ఆయన అంతా విని, "మందు మందేనమ్మా, దానికి పట్టింపు లేదు," అని తేల్చేశాడు. అదే రోజు కలోలైనే ఓ పెద్ద ఫ్లాస్కు నిండా గట్టిపాలు పోసిన కాఫీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మీరు వేసే ఆ చుక్క ఏ మూలకి వస్తుంది? ఇది పట్టించండి."

"అలాగేనమ్మా," అని తీసుకున్నాను. నర్సులం ముగ్గురం కలిసి తాగేశాం. ఆ వారం మాలో ఒక్కరికీ ఊపిరి ఆగలేదు.

పేరు పెట్టే హక్కు కూడా మేనత్తదే. కలోలైనే ఒక కాగితం తెచ్చింది. ముత్తవ్వ పేరు, తాతమ్మ పేరు, పుట్టిన రోజు వీచిన గాలి పేరు, తన చర్చి పేరు, భూముల ఆఫీసులో గుమాస్తా పిల్ల పేరు, అన్నీ కలిపి ఒకే పేరు. చేతికి కట్టే పట్టీ తీసి చూపించాను. పిల్ల మణికట్టు నా చిటికెన వేలంత ఉంటుంది, దాని చుట్టూ పట్టే కాగితం ఎంతని?

"చిన్న పేరైతేనే పడుతుందమ్మా."

కాగితం కేసి, పట్టీ కేసి, పిల్ల ముక్కులో గొట్టాల కేసి చూసింది. "అయితే మానవ అని రాయి."

మా భాషలో మానవ అంటే ఊపిరి. పడింది.

తొమ్మిదో రోజు పొద్దున మానవకి బాగా లేదు. గుండె దగ్గర మూసుకోవాల్సిన ఆ దారి ఇంకా తెరిచే ఉండి, ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువగా పోతోంది. డొక్కలు ఎగరేస్తోంది. గంటలో మూడుసార్లు ఊపిరి ఆగింది. నాలుగోసారి ఆగినప్పుడు నేను అరికాలు తట్టాను. కలోలైనే గర్జించింది. ఏమీ లేదు. మళ్ళీ గర్జించింది. మానవ పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. అంకె డెబ్భై, యాభై.

పిల్లని ఆవిడ మీంచి లాక్కుని, బల్ల మీద పెట్టి, ముఖానికి చిన్న మాస్కు అదిమి గాలి సంచి నొక్కడం మొదలుపెట్టాను. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. ఎంతసేపో తెలీదు, పుస్తకంలో రెండు నిమిషాలని ఉంది. అంకె ఎక్కింది. రంగు తిరిగింది. మానవ పిల్లిపిల్లలా ఒక చిన్న ఏడుపు ఏడ్చింది.

అప్పుడు తిరిగి చూశాను. కలోలైనే గోడ మూల నిలబడి ఉంది. జాకెట్టు గుండీలు కూడా పెట్టుకోలేదు. రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. నేను దగ్గరికి వెళ్తే చేతులు తీసి అడిగింది. ఆవిడ నిజంగా గుసగుసలాడటం నేను విన్నది అప్పుడే.

"దానికి నామీద కోపం వచ్చిందా సిస్టరూ?"

"లేదమ్మా. అలిసిపోయింది, అంతే."

"పెద్దగా అరిచానా మరీ?"

"అరవడం వల్ల ఏమీ కాలేదు. మీరు కూర్చోండి."

కూర్చుంది. ఆ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. గది బోసిపోయి, పాలమనిషి కూడా లోపలికి తొంగిచూసి ఎవరన్నా పోయారా అని అడిగాడు.

మర్నాటి నుంచి డాక్టరు ఆ దారి మూసుకోవడానికి మందు మొదలుపెట్టాడు. సీసా మీద పేరు చదివి కలోలైనేకి ప్రాణం లేచొచ్చింది, గొంతూ లేచొచ్చింది.

"పారాసెటమాలా! డాక్టరూ, గుండెలో కంత ఉంటే తలనొప్పి మందు ఇస్తావా?"

"అదే మందమ్మా. ఈ పిల్లల్లో ఆ దారిని తెరిచి ఉంచే పదార్థాన్ని అది తగ్గిస్తుంది. దారి ముడుచుకుంటుంది."

"నిజంగానా?"

"అందరికీ కాదు. చాలామందికి."

"అయితే నాకూ ఒకటియ్యి. నీ మాటలు వింటే నాకు తలనొప్పి."

మూడు రోజుల మందుకి దారి సన్నబడింది. ఇంకో మూడు రోజులిచ్చారు, దారప్పోగంత మిగిలింది. ఇక ఉండనివ్వండి, దానంతటదే మూసుకోవచ్చు, చూద్దాం అన్నాడు డాక్టరు. మానవ డొక్కలు ఎగరెయ్యడం మానింది. ఊపిరి మర్చిపోవడాలు రోజుకి పది నుంచి రెండుకి తగ్గాయి.

పదిహేనో రోజు వీకాని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. వీకా నెమ్మదైన పిల్ల. పెళ్ళై మూడేళ్ళైనా ఆడపడుచు ఎదుట తలెత్తి మాట్లాడి ఎరగదు. మానవని తల్లి రొమ్ము మీద పెట్టాను. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. వెనక నిలబడి కలోలైనే సలహాలు ఇస్తోంది. తల కాస్త ఇటు, కాలు అటు, గొట్టం చూసుకో, మెడ వంచకు, నేనైతే ఇలా పట్టుకునేదాన్ని, ఊపిరి ఆగితే భయపడకు, నేను ఉన్నా.

వీకా కళ్ళు తెరవకుండానే అంది. "వదినా, కాస్త నోరు మూసుకుంటారా? పిల్ల నిద్రపోతోంది."

నా చేతిలో పళ్ళెం అలాగే ఆగిపోయింది. టెమలేటి తన కూతురి కేసి దెయ్యాన్ని చూసినట్టు చూసింది. కొలోంగా పుట్టాక కలోలైనేని ఆ మాట అన్నవాళ్ళు లేరు. కలోలైనే కుర్చీ లాక్కుని వీకా పక్కన కూర్చుని, మరదలికి విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది. పదకొండు నిమిషాలు మాట్లాడలేదు. నేను గడియారం చూశాను.

ఇంటికి పంపేముందు కుటుంబానికి ఒక పాఠం చెప్పాలి, ఇంటి దగ్గర ఊపిరి ఆగితే ఏం చెయ్యాలని. ఇద్దరు రమ్మంటే పదిహేడు మంది వచ్చారు. రబ్బరు బొమ్మ పెట్టి, రెండు వేళ్ళతో రొమ్ము మధ్యలో ఇలా నొక్కాలని చూపించాను. వీకా చక్కగా చేసింది. లోపేటి చెమటలు కక్కుతూ చేశాడు. కలోలైనే వంతు వచ్చింది. నొక్కింది. బొమ్మ తల ఊడి ఎగిరి బీరువా కింద పడింది.

"రెండు వేళ్ళతోనమ్మా!"

"రెండే పెట్టాను!"

బొమ్మ తలని టెమలేటి చీపురుతో బయటికి లాగింది. డాక్టర్ సోలోమోనే గంభీరంగా తీర్పు చెప్పాడు. ఆ ఇంట్లో నొక్కే పని వీకాది, ఊదే పని లోపేటిది, ఆసుపత్రికి ఫోన్ చేసే పని కలోలైనేది.

"ఫోన్ దేనికి నాయనా?" అంది కలోలైనే. "కొలోంగా నుంచి పిలిస్తే వినబడదా నీకు?"

డెబ్భై నాలుగో రోజున మానవ రెండు కిలోల నూటయాభై గ్రాములతో ఇంటికి వెళ్ళింది. లోపేటి బస్సు నిండా చుట్టాలు, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు మాంసం పొట్లాలు. మాకు ఇరవై పొట్లాలు దింపి వెళ్ళారు. ఐదో నెలలో బయటి దేశం నుంచి గుండె డాక్టర్లు వచ్చినప్పుడు మానవని మళ్ళీ చూశారు. ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది. ఇప్పుడా పిల్లకి పదకొండేళ్ళు. పరుగుపందెంలో రొప్పుతుంది, వానాకాలం దగ్గుతుంది, మిగతాదంతా మామూలే.

కలోలైనే మాత్రం ఇంటికి వెళ్ళలేదు. అంటే వెళ్ళింది, కానీ వారం తిరక్కుండా వచ్చేసింది. తల్లులు లేవలేని పిల్లలుంటే నా ఒళ్ళో పెట్టండి, ఇంట్లో ఖాళీగా ఉండి ఏం చెయ్యను అంది. అప్పట్నుంచి మంగళవారాలూ శుక్రవారాలూ వస్తుంది. గొంతు తగ్గించడం మా వల్ల కాలేదు. ఉతికిన బట్టల అరల పక్కన ఆవిడకో కుర్చీ వేశాం, దుప్పట్లు కాస్త మోత పీల్చుకుంటాయని.

పోయిన వారం కవలలు పుట్టారు. తల్లికి మాయ అడ్డం పడి రక్తం పోయింది, ముప్ఫయ్యో వారంలోనే తీశారు. ఒక్కొక్కరూ పన్నెండు వందల గ్రాములు, ఇద్దరి ముక్కులకీ గొట్టాలు. ముందు ఎవరిని ఆవిడకి ఇవ్వాలా అని మా కొత్త నర్సు తటపటాయిస్తోంది. కలోలైనే అప్పటికే గుండీలు విప్పేసింది.

"ఇద్దర్నీ తేవే," అంది. "చోటుంది."